రెండో సీటు

డోల్గెథ్లై ఊరి చివర మా షెడ్డులో
రెండు కార్లు పక్కపక్కన ఆపాను.
ఒకే పేరు, ఒకే ఇంటి పిల్లలు,
మధ్యన ముప్పై ఏళ్ళు.

టెగ్వెన్ గొడుగు మడవకుండానే లోపలికొచ్చింది.
అరవై ఒకటి. ఈ లోయలో సగం మందిని
మొదటిసారి చేతుల్లోకి తీసుకున్న మంత్రసాని.
నన్ను కూడా.
అందుకే నా దగ్గర బేరమాడదు,
చెవి మెలేసినట్టు అడుగుతుంది:
"ఏది కొనమంటావు ఇద్వాల్, అబద్ధం చెప్పకుండా?"

కొత్తది బూడిద రంగు.
తలుపు వేస్తే లావుపాటి పుస్తకం మూసినట్టు చప్పుడు.
బొత్తాం నొక్కితే కప్పు తనంతట తనే మడుచుకుంటుంది,
గీత దాటితే స్టీరింగు వణికి మందలిస్తుంది,
సీటు వెచ్చబడుతుంది,
వెనక్కి పోతుంటే గోడ ఎంత దూరమో చెబుతుంది.
"మా పాత మేట్రన్ లాగా ఉంది" అంది టెగ్వెన్.
"ఆవిడ చెప్పేవన్నీ నిజాలే."

పాతది ఎరుపు. అంటే, ఒకప్పుడు ఎరుపు.
బానెట్టు మీద ఎండ నాకిన చోట దానిమ్మ తొక్క రంగు.
మీట తిప్పితే దీపాలు రెప్పలెత్తుతాయి,
ఎడమది అర క్షణం ఆలస్యంగా,
నిద్ర చాలని పిల్లాడిలా.
చక్రం వెనక తుప్పు.
దాచలేదు, స్క్రూడ్రైవరుతో పొడిచి మరీ చూపించాను.
బిస్కట్టులా రాలింది.
"నా మోకాలూ అంతే" అంది.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు కదా,
వింతకి మూడేళ్ళ వారంటీ ఉంది,
రోతకి నేనున్నాను.
ఇంతకన్నా బాగా అమ్మడం నాకు రాదు.

ముందు కొత్తదాన్ని తోలింది, పక్కన నేను.
కనుమ దాకా గొంతు పెంచకుండానే
అన్నీ మాట్లాడుకున్నాం: మా అమ్మ బీపీ,
చర్చి కప్పుకి చందాలు, చేపల దుకాణం మూతపడటం.
"ఎంత నిశ్శబ్దమో చూశారా" అన్నాను గర్వంగా.
ఆమె ఏమీ అనలేదు. గేరు మార్చింది,
అవసరం లేకపోయినా.

తర్వాత పాతది.
ఎక్కడం కాదు, అందులోకి ఒలికిపోవాలి.
ఒక చెయ్యి నా భుజం మీద, ఒక తిట్టు దేవుడి మీద.
మూడో గేరులో ఇంజను అరుస్తుంది,
గాలి చెవుల్లో దుప్పట్లు దులుపుతుంది.
నేనన్నదేదీ ఆమెకు చేరలేదు.
ఆమె అన్నదేదో పెదవుల మీద కనిపించి
వెనక రోడ్డు మీద పడిపోయింది.
కనుమ పైన ఆపి, తాళం తిప్పి,
ఇంజను చల్లబడే టిక్కుటిక్కు చాలాసేపు వింది.

"మా చెల్లెలు మోర్విద్" అంది అప్పుడు.
"మాటల్లేక పదకొండేళ్ళు.
పొలం అమ్మిన దగ్గర నేనన్నది ఒకటి, అదన్నవి రెండు.
మొన్న కార్డు రాసింది, కళ్ళు మసకలట,
గురువారాలు బాంగర్ ఆస్పత్రికి తీసుకెళ్తావా అని.
గంటన్నర దారి.
ఆ బూడిద దాంట్లో గంటన్నర
ఏం మాట్లాడమంటావు మేమిద్దరం?"

నాలోని వ్యాపారి రేడియో గురించి ఏదో అనబోయాడు.
వాడి నోరు మూయించాను.

ఎరుపుదే కొంది. రెండు వందలు తగ్గించాను,
వంద మళ్ళీ బల్ల మీద పెట్టింది, తుప్పు ఖర్చుకని.

నవంబరులో వచ్చింది, కప్పు లోంచి నీళ్ళని.
ఎడమవైపు, సరిగ్గా రెండో సీటు పైన.
రబ్బరు పట్టీ మార్చాలి, నలభై పౌన్లు, అరగంట పని.
వద్దంది.

నాలుగు గురువారాలు మోర్విద్ నోరు విప్పలేదట.
ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, ఎదురుగా మంచు,
కొండదెంతో తన కంటిదెంతో తెలియకుండా.
అయిదో గురువారం ట్రౌస్‌వెనిద్ దాటాక వాన.
మోకాలి మీద ఒక చుక్క. ఇంకో చుక్క.
"టెగ్!" అందట, గాలికన్నా గట్టిగా,
"నీ కారు కారుతోంది!"

మిగతా దారంతా అరుచుకుంటూనే వెళ్ళారట,
ఒకరిది ఒకరికి సగం వినబడి
సగం వినబడకపోవడమే మంచిదై.

పట్టీ నా అరలోనే ఉంది, ప్లాస్టిక్కు విప్పలేదు.
బూడిదది ఇంకా అమ్ముడుపోలేదు.
పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే చాలు,
నన్ను గుర్తుపట్టి దీపాలు వెలిగిస్తుంది.
పాపం, దాని తప్పేం లేదు.